పాత కంప్యూటర్లలో టెక్స్ట్ ఎడిటర్ కమాండ్ లైన్ నుంచి నడవకపోతే ఎక్కడ చూడాలి

నమస్కారం సార్. ఈ సమాధానం చదివే మిగతా వారికి కూడా సందర్భం తెలియాలి కాబట్టి మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెబుతాను. పరకాల దగ్గరి మీ ఉన్నత పాఠశాల ల్యాబులో విండోస్ ఎక్స్‌పీతో నాలుగు పెంటియం 4 యంత్రాలు, 32 బిట్ విండోస్ 7తో ఆరు యంత్రాలు, డెబియన్ లినక్స్‌తో రెండు యంత్రాలు ఉన్నాయి. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే టెక్స్ట్ ఎడిటర్‌ను ఒక పెన్‌డ్రైవ్‌లో ఉంచి, ఏ యంత్రానికి పెట్టినా నల్ల తెర (కమాండ్ ప్రాంప్ట్) మీద ఒక్క కమాండు కొట్టగానే తెరుచుకునేలా చేయాలని, పిల్లలు సీ ప్రోగ్రాములూ తెలుగు నోట్సూ అందులోనే రాసుకోవాలని మీ ఆలోచన. కానీ ఎక్స్‌పీలో అది ‘సరైన విన్32 అప్లికేషన్ కాదు’ అంటున్నది. విండోస్ 7లో రన్ పెట్టె నుంచి తెరుచుకుంటున్నా కమాండ్ ప్రాంప్ట్‌లో పేరు కొడితే ‘గుర్తించలేదు’ అని వస్తున్నది. పైగా ఎడిటర్ నెమ్మదిగా తెరుచుకుంటున్నదని అన్నారు. తెలుగు ఫైళ్లు ఒక్కో యంత్రంలో ఒక్కో తీరుగా కనిపిస్తున్నాయి. లినక్స్‌లో మీరు రాసిన చిన్న స్క్రిప్టు అసలు మొదలే కావడం లేదు.

హనుమకొండలోనూ చుట్టుపక్కల మండలాల్లోనూ పాఠశాలల, కళాశాలల ల్యాబులు చూసుకునే పనిలో నేను చాలా కాలంగా ఉన్నాను. ఆ అనుభవంతో ముందుగా ఒక మాట గట్టిగా చెబుతాను. పన్నెండు యంత్రాలలోనూ ఒకే ఎడిటర్ నడవాలన్న పట్టుదల వదిలేయండి. యంత్రం ఏదైనా పిల్లలు కొట్టే కమాండు ఒకటే ఉండాలి, రాసిన ఫైలు అన్ని చోట్లా ఒకే తీరుగా తెరుచుకోవాలి. ఈ రెండూ సాధ్యమే, ఖర్చు లేనివే. ఆ కమాండు వెనుక ఏ యంత్రంలో ఏ ఎడిటర్ నడుస్తున్నదో పిల్లలకు తెలియవలసిన అవసరం కూడా లేదు.

కమాండ్లను ఇక్కడ పలికే తీరులో రాస్తున్నాను. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషులోనే, నేను ప్రత్యేకంగా చెప్పిన చోట తప్ప చిన్న అక్షరాలలోనే కొట్టండి.

ఎక్స్‌పీ సంగతి ముందు చూద్దాం. ‘సరైన విన్32 అప్లికేషన్ కాదు’ అన్న సందేశాన్ని చూసి చాలామంది ఫైలు చెడిపోయిందనుకొని మళ్లీ మళ్లీ డౌన్‌లోడ్ చేస్తారు. ఈ సందేశానికి సాధారణంగా రెండు కారణాలుంటాయి. ఒకటి, అది 64 బిట్ ప్రోగ్రాము అయి ఉండడం. రెండు, అది 32 బిట్‌దే అయినా, దాన్ని తయారు చేసినవారు ‘విస్టా (ఎక్స్‌పీ తరువాత వచ్చిన విండోస్) లేదా ఆ పైన మాత్రమే’ అన్న గుర్తును ఫైలు తలభాగంలో పెట్టి ఉండడం. మైక్రోసాఫ్ట్ 2012 నుంచి ఇచ్చిన కంపైలర్లలో (రాసిన ప్రోగ్రామును యంత్రం నడిపే ఫైలుగా మార్చే సాధనాలలో) ఈ రెండో గుర్తు దానంతట అదే పడుతుంది కాబట్టి, కొత్త ప్రోగ్రాములలో ఎక్కువ భాగం ఎక్స్‌పీ గడప దాటలేవు.

ఈ రెండింటిలో మీది ఏదో తెలుసుకోవడానికి ప్రత్యేకమైన సాధనం అవసరం లేదు. ప్రోగ్రామును నడిపే ఆ ఈఎక్స్‌ఈ ఫైలును ఏదైనా మామూలు ఎడిటర్‌లో తెరవండి. అర్థంకాని గుర్తుల మధ్య, మొదట్లోనే, ఈ ప్రోగ్రామును డాస్‌లో నడపలేరు అనే ఒక ఇంగ్లీషు వాక్యం కనిపిస్తుంది. దానికి కొంచెం కిందుగా పెద్ద అక్షరాలలో ‘పీ, ఈ’ అని జంటగా ఉంటాయి. వాటి వెంట రెండు ఖాళీ గుర్తులు దాటాక పెద్ద ‘ఎల్’ ఉంటే ఫైలు 32 బిట్‌ది, చిన్న ‘డి’ ఉంటే 64 బిట్‌ది. అది యంత్రం రకాన్ని చెప్పే సంఖ్య, అక్షరంగా కనిపిస్తున్నదంతే. చూశాక సేవ్ చేయకుండా మూసేయండి. సేవ్ చేస్తే ఈఎక్స్‌ఈ నిజంగానే పాడవుతుంది.

‘ఎల్’ కనిపించి కూడా ఎక్స్‌పీ ఒప్పుకోకపోతే రెండో కారణమే అనుకోండి. అప్పుడు కొత్త వెర్షన్‌తో కుస్తీ పట్టకుండా పాత వెర్షన్‌కు వెళ్లాలి. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో ఎక్స్‌పీ మీద నడిచే చివరి వెర్షన్ 7.9.2. దాని 32 బిట్ జిప్ ప్యాకేజీని గానీ, ఇంకా చిన్నదైన మినిమలిస్ట్ ప్యాకేజీని గానీ తీసుకోండి. నేనైతే ల్యాబుకు మినిమలిస్ట్‌నే ఇస్తాను, ఎందుకంటే అందులో అప్‌డేటర్ ఉండదు. అప్‌డేటర్ ఉన్న ప్యాకేజీలో ఎవరో ఒక విద్యార్థి ‘అవును’ నొక్కితే, ఎక్స్‌పీలో నడవని కొత్త వెర్షన్ వచ్చి, నడుస్తున్న దాని స్థానంలో కూర్చుంటుంది. అయితే మినిమలిస్ట్ ప్యాకేజీ సెవెన్ జిప్ రూపంలో వస్తుంది, ఎక్స్‌పీ దాన్ని తనంతట తాను విప్పలేదు కాబట్టి కొత్త యంత్రంలో విప్పి తీసుకువెళ్లాలి. డౌన్‌లోడ్ కూడా అక్కడే చేయక తప్పదు. ఎక్స్‌పీతో వచ్చిన బ్రౌజరుకు నేటి వెబ్‌సైట్లు అడిగే టీఎల్ఎస్ 1.2 భద్రతా పద్ధతి రాదు, అందుకే ఆ సైట్లు దానిలో తెరుచుకోవు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కు 2020 జనవరి 14తో మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. ఈ యంత్రాలను ఇంటర్నెట్‌కు కలపకుండా ఉంచడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

విండోస్ 7 యంత్రాలకు కూడా ఇదే 7.9.2 పెట్టండి. కొత్తవి నడవవచ్చు గాని, పది యంత్రాలలో మెనూలు ఒకే తీరుగా ఉంటే పాఠం చెప్పడం తేలిక. ఈ సందర్భంలోనే, వీఎస్ కోడ్ అనే మైక్రోసాఫ్ట్ ఎడిటర్ పెట్టమని మీకు ఎవరైనా సలహా ఇచ్చి ఉంటే, విండోస్ 7లో అది 1.70.3 దగ్గరే ఆగిపోయిందని గుర్తుంచుకోండి. పైగా అది బ్రౌజరంత మెమరీ అడుగుతుంది. మీ యంత్రాలకు అది తగదు.

ఇక ‘గుర్తించలేదు’ అనే ఫిర్యాదు. రన్ పెట్టెలో పేరు కొడితే తెరుచుకొని, కమాండ్ ప్రాంప్ట్‌లో తెరుచుకోకపోవడం విండోస్ లోపం కాదు. ఆ రెండూ ప్రోగ్రామును వెదికే చోట్లు వేరు. ఇన్‌స్టాలర్ ద్వారా పెట్టిన ప్రోగ్రాములు, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ‘యాప్ పాత్స్’ అనే చోట తమ చిరునామా రాసుకుంటాయి, రన్ పెట్టె అక్కడ కూడా చూస్తుంది. కమాండ్ ప్రాంప్ట్ మాత్రం ముందుగా అప్పుడు తాను ఉన్న ఫోల్డరులో, తరువాత ‘పాత్’ అనే వేరియబుల్‌లోని ఫోల్డర్లలో వెదికి ఆగిపోతుంది. మీ విండోస్ 7 యంత్రాలలో ఎప్పుడో ఒకసారి ఇన్‌స్టాలర్‌తో పెట్టి ఉంటారు, అందుకే రన్ పెట్టెకు తెలుసు. కమాండ్ ప్రాంప్ట్‌లో పేరుకు ముందు ‘స్టార్ట్’ అని చేర్చి చూడండి, తెరుచుకుంటుంది, ఎందుకంటే స్టార్ట్ కూడా యాప్ పాత్స్‌ను చూస్తుంది. పెన్‌డ్రైవ్‌లోని జిప్ ప్రతి రిజిస్ట్రీలో ఏమీ రాయదు కాబట్టి దానికి ఈ ఉపాయం పనిచేయదు.

కాబట్టి కమాండ్ ప్రాంప్ట్‌కు దొరకాలంటే ఆ ఫోల్డరును పాత్‌లో చేర్చాలి. చేర్చేటప్పుడు మూడు చోట్ల జాగ్రత్త అవసరం. విండోస్ 7లో ‘సెట్ఎక్స్’ కమాండుతో పాత్‌ను శాశ్వతంగా మార్చమని చాలా చోట్ల చెబుతారు. ఆ కమాండు 1024 అక్షరాల దగ్గర కోసేస్తుంది, పాత్ అప్పటికే పొడవుగా ఉంటే చివరి ఫోల్డర్లు మాయమవుతాయి. సిస్టమ్ ప్రాపర్టీస్‌లోని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ కిటికీ నుంచి మార్చడమే క్షేమం. రెండోది, పెన్‌డ్రైవ్ ఒక యంత్రంలో ‘ఈ’ అక్షరపు డ్రైవుగా, ఇంకొక దానిలో ‘జీ’ డ్రైవుగా వస్తుంది కాబట్టి డ్రైవు అక్షరాన్ని పాత్‌లో రాయడం దండగ. మూడోది ‘ప్రోగ్రామ్ ఫైల్స్’ వంటి పేర్లలోని ఖాళీ. అటువంటి పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టకపోతే కమాండ్ ప్రాంప్ట్ మొదటి మాట దగ్గరే ఆగి, ‘సీ డ్రైవులోని ప్రోగ్రామ్ అనేదాన్ని గుర్తించలేదు’ అంటుంది.

వీటన్నిటికీ ఒకే పరిష్కారం ఉంది: ఒక చిన్న బ్యాచ్ ఫైలు, అంటే కమాండ్లను వరుసగా రాసి ఉంచుకునే ఫైలు. దానికి ‘రాత’ అని పేరు పెట్టండి, ఇంగ్లీషు అక్షరాలలో ఆర్, ఏ, ఏ, టీ, ఏ. ‘ఎడిట్’ అని మాత్రం పెట్టవద్దు. 32 బిట్ విండోస్‌లో ఆ పేరుతో పాత డాస్ ఎడిటర్ ఇప్పటికే ఉంటుంది, ఏది ముందు దొరుకుతుందో అదే తెరుచుకుంటుంది. బ్యాచ్ ఫైలులో తాను ఉన్న ఫోల్డరును తానే తెలుసుకునే గుర్తు ఒకటి ఉంది: శాతం గుర్తు, టిల్డా, డి, పి, సున్న, ఈ అయిదూ మధ్యలో ఖాళీ లేకుండా. దాని వెంటనే ఎడిటర్ ఫోల్డరు పేరు, వెనకగీత (బ్యాక్‌స్లాష్), ఈఎక్స్‌ఈ పేరు రాసి, మొత్తాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టండి. ఇక డ్రైవు అక్షరం ఏదైనా ఇబ్బంది లేదు.

ఆ వరుస మొదట్లో ‘స్టార్ట్’ పెట్టాలి. మామూలు ప్రాంప్ట్‌లో కిటికీ ప్రోగ్రామును పిలిస్తే ప్రాంప్ట్ వెంటనే తిరిగి వస్తుంది గాని, బ్యాచ్ ఫైలు లోపలి నుంచి పిలిస్తే ఆ కిటికీ మూసేదాకా బ్యాచ్ ఫైలు ఆగి ఉంటుంది. పిల్లవాడు ఎడిటర్ తెరిచి ఉంచి కంపైల్ చేయబోతే నల్ల తెర కదలదు, యంత్రం ఆగిపోయిందని పవర్ బటన్ నొక్కుతాడు. స్టార్ట్ పెడితే ఈ చిక్కు ఉండదు. అయితే స్టార్ట్ కమాండు తన తరువాత కొటేషన్లలో మొదట వచ్చినదాన్ని కిటికీ శీర్షికగా భావిస్తుంది. ప్రోగ్రాము చిరునామానే అక్కడ పెడితే ఎడిటర్‌కు బదులు ఆ చిరునామా శీర్షికగా ఉన్న ఇంకొక నల్ల తెర తెరుచుకుంటుంది. అందుకే స్టార్ట్ తరువాత ముందుగా లోపల ఏమీ లేని ఒక కొటేషన్ జత, ఆ తరువాత అసలు చిరునామా రాయాలి. ఈ ఒక్క చోటనే పొరపాటు పడి బ్యాచ్ ఫైలు పనికిరాదని వదిలేసిన ఉపాధ్యాయులను నేను చూశాను.

చిరునామా తరువాత ‘హైఫన్ నోసెషన్’ అని చేర్చండి. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ కిందటిసారి తెరిచి ఉంచిన ఫైళ్లన్నిటినీ మళ్లీ తెరవాలని చూస్తుంది. అవి వేరే డ్రైవు అక్షరం మీద ఉన్నవైతే అనవసరంగా వెదుకుతుంది. మీరు చెప్పిన ‘నెమ్మదిగా తెరుచుకోవడం’లో కొంత దీనివల్లే అయి ఉంటుంది. ‘హైఫన్ నోప్లగిన్’లో పీ అక్షరం పెద్దది, అది ప్లగిన్లను (ఎడిటర్‌కు చేర్చిన అదనపు భాగాలను) పక్కన పెడుతుంది. ‘హైఫన్ లోడింగ్‌టైమ్’లో టీ పెద్దది, తెరుచుకోవడానికి పట్టిన సమయాన్ని అదే చూపిస్తుంది. వీటిని ఒక్కొక్కటిగా చేర్చి, తీసేసి కొలిస్తే ఆలస్యం ఎక్కడిదో ఊహ అవసరం లేకుండా తెలుస్తుంది. కంపైలర్ ఇరవై అయిదో వరుసలో తప్పుందంటే నేరుగా అక్కడికి వెళ్లడానికి ‘హైఫన్ ఎన్ 25’ ఉంది, ఎన్‌కూ అంకెకూ మధ్య ఖాళీ ఉండరాదు.

పెన్‌డ్రైవ్ ప్రతి నిజంగా పోర్టబుల్‌గా, అంటే సెట్టింగులను తన వెంటే ఉంచుకొని, నడుస్తున్నదా లేదా అన్నది కూడా చూసుకోవాలి. ఈఎక్స్‌ఈ పక్కనే ‘డూలోకల్‌కాన్ఫ్’ అనే ఎక్స్ఎంఎల్ ఫైలు ఉంటే సెట్టింగులు అదే ఫోల్డరులో ఉంటాయి. లేకపోతే ఆ యంత్రంలోని వాడుకరి ఫోల్డరులోకి పోతాయి, అంటే ప్రతి యంత్రంలో వేరువేరుగా ఉంటాయి. ఆ ఫైలులో ఏమీ ఉండదు, అందుకే పనికిరానిదనుకొని తీసేస్తారు. మెనూలో చివర ఉన్న ప్రశ్నార్థకం కింద ‘డీబగ్ ఇన్ఫో’ తెరిచి, ‘లోకల్ కాన్ఫ్ మోడ్’ ఎదురుగా ‘ఆన్’ అని ఉందేమో చూడండి. విండోస్ 7లో ఈ ఫోల్డరును ప్రోగ్రామ్ ఫైల్స్ లోపల పెడితే మాత్రం ఆ ఫైలు ఉన్నా లెక్కలోకి రాదు.

ఇంకొక సలహా ఏమిటంటే, పెన్‌డ్రైవ్ నుంచే రోజూ నడపకండి. ఫోల్డరును ఒకసారి ప్రతి యంత్రం డిస్కులోకి కాపీ చేసి, పెన్‌డ్రైవ్‌ను ఫైళ్ల రవాణాకే వాడండి. పాత యూఎస్‌బీ వేగం ఒక కారణమైతే, వైరస్ అంతకంటే పెద్ద కారణం. ఫోల్డర్లు షార్ట్‌కట్లుగా మారిపోయే బెడద మన ప్రాంతపు ల్యాబులలోనూ ఫోటో స్టూడియోలలోనూ ఎంత ఉందో మీకు తెలుసు. 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన అప్‌డేట్ పెన్‌డ్రైవ్ పెట్టగానే దానిలోని ప్రోగ్రాము తనంతట తానే నడిచే ఆటోరన్‌ను ఎక్స్‌పీలో ఆపుతుంది, మీ నాలుగింటికీ అది పడిందో లేదో చూడండి. ఎడిటర్ ఈఎక్స్‌ఈకి వైరస్ అంటుకుందన్న అనుమానం వస్తే, శుభ్రమైన ప్రతితో ‘ఎఫ్‌సీ’ కమాండును ముందుగీత (స్లాష్) ‘బి’తో నడపండి, రెండు ఫైళ్లలో ఒక్క బైటు తేడా ఉన్నా చెబుతుంది.

ఇప్పుడు తెలుగు సంగతి. మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది ఇదే. ఎడిటర్ చెడితే మళ్లీ పెట్టుకోవచ్చు, పిల్లలు రాసినది పోతే తిరిగి రాదు. తెలుగు సరిగా కనిపించడం లేదంటే, ముందు ఎలా కనిపిస్తున్నదో ఆగి చూడండి, చూసేదాకా సేవ్ నొక్కకండి. చతురస్రపు డబ్బాలు కనిపిస్తే ఫైలు క్షేమం, ఆ తెరకు తెలుగు ఫాంటు అందడం లేదంతే. తల మీద వాలుగీత ఉన్న చిన్న ఏ, దాని పక్కన డిగ్రీ గుర్తు లాంటి సున్న గాని ప్లస్ మైనస్ గుర్తు గాని, తరువాత ఏదో ఒక గుర్తు, ఇలా మూడేసి చొప్పున పదేపదే కనిపిస్తే కూడా ఫైలు క్షేమమే. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్ 8 పద్ధతిలో ప్రతి తెలుగు కోడుకు మూడు బైట్లు పడతాయి, వాటిలో మొదటిది ఎప్పుడూ ఒకటే. ఆ మూడు బైట్లను ఎడిటర్ మూడు యూరప్ అక్షరాలుగా చదువుతున్నది. ఉదాహరణకు ‘క’ రాస్తే గీత ఉన్న ఏ, డిగ్రీ సున్న, ఒక లావు చుక్క కనిపిస్తాయి. కానీ వరుసగా ప్రశ్నార్థకాలే కనిపిస్తే, ఎవరో ఆ ఫైలును తెలుగుకు చోటు లేని ఆన్సీ పద్ధతిలో సేవ్ చేశారని అర్థం; అక్షరాలు నిజంగానే పోయాయి, ఏ మెనూతోనూ తిరిగి రావు. ఎక్స్‌పీలోని మామూలు నోట్‌ప్యాడ్ అలా సేవ్ చేసే ముందు హెచ్చరిస్తుంది గాని, ఇంగ్లీషులోని ఆ హెచ్చరికను పిల్లలు చదవకుండా ఓకే నొక్కుతారు.

రెండో తీరు కనిపించినప్పుడు నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో ఎన్‌కోడింగ్ మెనూ తెరవండి. ఆ మెనూలో పై భాగంలో ఉన్నవి ఫైలును ఎలా చదవాలో చెప్పేవి, ‘కన్వర్ట్’ అని మొదలయ్యేవి ఫైలులోని బైట్లనే మార్చేవి. మీకు కావలసింది పై భాగంలోని యూటీఎఫ్ 8. పొరపాటున ‘కన్వర్ట్’ ఎంచుకొని సేవ్ చేస్తే, ఆ యూరప్ అక్షరాలనే అసలు అక్షరాలుగా భావించి మళ్లీ యూటీఎఫ్ 8లో రాస్తుంది. ఒక్కో తెలుగు కోడు ఆరు, ఏడు బైట్లకు ఉబ్బిపోతుంది, విప్పడం నిపుణులకు కూడా ఓపికతో కూడిన పని.

ఇంకొక రకం ఫైలు కూడా మీ దగ్గరికి వస్తుంది. వరంగల్, హనుమకొండ డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కూర్చిన ప్రశ్నపత్రాల పాఠాన్ని ఎవరైనా మామూలు ఫైలులోకి అతికిస్తే, ఎడిటర్‌లో అది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల కలగాపులగంగా కనిపిస్తుంది. అక్కడ తెలుగు కోడులే లేవు, తెలుగు ఆకారం ఫాంటులో మాత్రమే ఉంది. దానికి ఎన్‌కోడింగ్ మెనూ పనికిరాదు, యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ కావాలి.

ఎక్స్‌పీలో డబ్బాలు కనిపిస్తుంటే కంట్రోల్ ప్యానెల్‌లో రీజినల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్ తెరిచి, లాంగ్వేజెస్ ట్యాబులో కాంప్లెక్స్ స్క్రిప్టులకు సంబంధించిన గడిలో టిక్కు పెట్టండి. ఎక్స్‌పీ సీడీ అడుగుతుంది, దగ్గర ఉంచుకోండి. ఎక్స్‌పీతోనే గౌతమి ఫాంటు వస్తుంది కాబట్టి వేరే ఫాంటు తేనవసరం లేదు. విండోస్ 7లో ఈ టిక్కు అవసరమే లేదు.

అయితే ఎన్ని చేసినా నల్ల తెరలో మాత్రం తెలుగు ఆశించకండి. గుణింతాలను, ఒత్తులను కలిపి ఒక ఆకారంగా గీయడం పాత కమాండ్ ప్రాంప్ట్‌కు రాదు. కోడ్ పేజీని 65001కు, అంటే యూటీఎఫ్ 8కు, మార్చమని ఇచ్చే సలహా బైట్లను సరిచేయవచ్చు గాని, అక్షరాల ఆకారాన్ని సరిచేయదు. లినక్స్‌లో కిటికీలు లేని మామూలు కన్సోల్ పరిస్థితి ఇంకా ఇరుకు. దానికి ఒకసారికి 256 లేదా 512 ఆకారాలకే చోటుంది. లినక్స్‌లో కిటికీల లోపలి టెర్మినళ్లలో కేడీఈ డెస్క్‌టాప్‌కు చెందిన ‘కన్సోల్’ అనే పేరుగల టెర్మినల్, ఎంఎల్‌టర్మ్ తెలుగును మెరుగ్గా చూపుతాయి. అందుకే తెలుగు నోట్సు కిటికీ ఎడిటర్‌లో, ప్రోగ్రాములు ఎక్కడైనా సరే అని ఒక నియమం పెట్టుకోండి. ప్రోగ్రాములో తెలుగు వాక్యాన్ని ప్రింట్ చేయించి చూడాలని పిల్లలు ఉబలాటపడితే, ఫలితాన్ని నల్ల తెర మీదికి కాకుండా ఒక ఫైలులోకి మళ్లించి, దాన్ని ‘రాత’తో తెరిచి చూడమనండి. వారి తెలుగు వారికి సరిగా కనిపిస్తుంది.

లినక్స్‌లో మీ స్క్రిప్టు మొదలు కాకపోవడానికి కారణం మీరు పంపిన సందేశంలోనే ఉంది. ‘బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్’ అంటూ, షెల్ (కమాండ్లను నడిపే ప్రోగ్రాము) పేరు చివర టోపీ గుర్తు, పెద్ద ఎమ్ చూపుతున్నది. మీరు ఆ స్క్రిప్టును విండోస్‌లో రాశారు. విండోస్ ప్రతి వరుస చివర రెండు గుర్తులు పెడుతుంది, యూనిక్స్ సంప్రదాయంలో ఒకటే. ఆ అదనపు గుర్తును లినక్స్ షెల్ పేరులో భాగమనుకొని, అటువంటి ప్రోగ్రాము కోసం వెదికి, లేదంటున్నది. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో ఎడిట్ మెనూలోని ఈఓఎల్ కన్వర్షన్‌లో యూనిక్స్ ఎంచుకొని సేవ్ చేస్తే సరిపోతుంది. బ్యాచ్ ఫైళ్లకు మాత్రం విండోస్ పద్ధతే ఉంచండి, లేకపోతే గోటూ కమాండు తన గుర్తును కొన్నిసార్లు కనుక్కోలేదు. రెండు రకాల ఫైళ్లకూ కావలసింది బామ్ లేని యూటీఎఫ్ 8. బామ్ అంటే ఫైలు మొదట్లో కనిపించకుండా ఉండే మూడు బైట్లు. అవి ఉంటే బ్యాచ్ ఫైలు మొదటి కమాండు ‘గుర్తించలేదు’ అంటుంది, షెల్ స్క్రిప్టు మొదటి వరుసను లినక్స్ లెక్కలోకి తీసుకోదు, టర్బో సీ వంటి పాత కంపైలర్లు మొదటి వరుసలోనే తప్పు చూపుతాయి. ఎక్స్‌పీ, విండోస్ 7ల మామూలు నోట్‌ప్యాడ్ యూటీఎఫ్ 8లో సేవ్ చేసినప్పుడల్లా బామ్ చేరుస్తుంది. యూనిక్స్ పద్ధతి ఫైలును తెరిస్తే అన్ని వరుసలనూ ఒకే వరుసగా చూపుతుంది. ఈ లోపం విండోస్ 10లో 2018 నాటి 1809 వెర్షన్‌లో గాని పోలేదు. కాబట్టి ల్యాబులో మామూలు నోట్‌ప్యాడ్ షార్ట్‌కట్లు డెస్క్‌టాప్ మీద నుంచి తీసేయమని నా సలహా.

పెన్‌డ్రైవ్‌లో ఉన్న స్క్రిప్టుకు నడిచే అనుమతి పెట్టాలని చూసి ఉంటారు, నిలబడి ఉండదు. ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ అయిన పెన్‌డ్రైవ్‌లో యూనిక్స్ అనుమతులు రాసుకునే చోటే లేదు. స్క్రిప్టును యంత్రంలోని ‘యూఎస్ఆర్, లోకల్, బిన్’ ఫోల్డరులోకి కాపీ చేసి, అక్కడ ‘సీహెచ్‌మోడ్ ప్లస్ ఎక్స్’ ఇవ్వండి. దాని పేరు కూడా ‘రాత’ అనే పెట్టండి, లోపల నానో ఎడిటర్‌ను పిలవండి. డెబియన్‌లో నానో సాధారణంగా ముందుగానే ఉంటుంది, పిల్లలకు వీఐ అనే పాత ఎడిటర్ కంటే త్వరగా పట్టుబడుతుంది. ప్లస్ గుర్తు, వరుస సంఖ్య, ఖాళీ, ఫైలు పేరు ఇస్తే నానో, వీఐకి కొత్త రూపమైన విమ్ రెండూ ఆ వరుసకు వెళతాయి.

వీఐ వాడేవారు మీ ల్యాబులో ఉంటే ఒక సంగతి చెప్పాలి. డెబియన్‌లో మొదట ఉండేది విమ్ చిన్న రూపం, అది పాత వీఐ తీరులో నడుస్తుంది. రాసేటప్పుడు బాణం మీటలు నొక్కితే ఏ, బి, సి, డి అక్షరాలు పడుతుంటే కీబోర్డును అనుమానించకండి. ఎస్కేప్ నొక్కి, కోలన్, ‘సెట్ ఎన్‌ఓసీపీ’ అని ఇవ్వండి, లేదా పూర్తి విమ్ ప్యాకేజీని పెట్టుకోండి. విమ్ వింతగా నడిస్తే అది దాని సెట్టింగుల వల్లా కాదా అని తేల్చడానికి ‘హైఫన్ యు’ తరువాత పెద్ద అక్షరాలలో ‘నన్’ అని, దానితోపాటు పెద్ద అక్షరంలో ‘హైఫన్ ఎన్’ చేర్చి తెరవండి. అప్పుడు సరిగా నడిస్తే తప్పు సెట్టింగుల ఫైలులోనే ఉంది.

లినక్స్‌లో బయటి నుంచి తెచ్చిన ఎడిటర్ ‘జీలిబ్‌సీ ఫలానా వెర్షన్ దొరకలేదు’ అంటే దానికోసం ఆ లైబ్రరీని మార్చబోకండి, మొత్తం వ్యవస్థ దాని మీదే నిలబడి ఉంది. ఆ డెబియన్ ఇచ్చే ప్యాకేజీనే వాడండి. మీ రెండు యంత్రాలు 32 బిట్‌వైతే డెబియన్ 12 దగ్గరే ఉండండి. 2025లో వచ్చిన డెబియన్ 13కు 32 బిట్ పీసీల కోసం ఇన్‌స్టాలర్ గాని కెర్నల్ గాని లేవు. ప్రాసెసర్ వివరాలుండే సీపీయూఇన్ఫో ఫైలులోని ఫ్లాగుల వరుసలో ‘ఎల్ఎమ్’ కనిపిస్తే ఆ ప్రాసెసర్ 64 బిట్‌ను నడపగలదు, అప్పుడు ముందుకు వెళ్లవచ్చు.

చివరగా, మీరు అడగకపోయినా, ఇటువంటి యంత్రాలలో తప్పక ఎదురయ్యేది ఒకటుంది. మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి వెళుతుంది. అక్కడ రాసిన ఫైలును పెన్‌డ్రైవ్‌లో లినక్స్ యంత్రానికి తెచ్చి, మారిన ఫైళ్లనే కంపైల్ చేయించే మేక్ కమాండును నడిపితే, కొత్తగా మార్చిన ఫైలు పాతదిగా కనిపించి కంపైల్ కాదు. ఎడిటర్ సేవ్ చేయలేదని పిల్లలు అనుకుంటారు. తేదీ తేడా రెండో దిశలో ఉంటే ‘క్లాక్ స్క్యూ’ అన్న హెచ్చరిక వస్తుంది. అన్ని యంత్రాలకూ కొత్త బ్యాటరీ వేసి, తేదీ సరిచేశాకే మిగతా పనులు మొదలుపెట్టండి.

ఇవన్నీ చేశాక కూడా ఏదైనా ఎక్స్‌పీ యంత్రం మొండికేస్తే, దానిలో ‘వెర్’ కమాండు ఇచ్చే వరుసను, డీబగ్ ఇన్ఫో తెరుచుకుంటే అందులోని పాఠాన్ని, మీ బ్యాచ్ ఫైలులోని వరుసలను యథాతథంగా పంపండి. తెర ఫోటో కంటే ఆ పాఠమే మేలు, ఎక్కడ ఖాళీ ఉందో, ఎక్కడ కొటేషన్ గుర్తు లేదో అందులోనే తెలుస్తుంది.